బ్రాయిలర్ పుంజు, నాటు పెట్ట: రెండో తరంలో ఇంత తేడా ఎందుకు?

పెరటి_గంప
ఇంట్లో మాంసం కోసమే కోళ్ళు పెంచుతున్నాను, అమ్మకానికి కాదు. ఒక బ్రాయిలర్ పుంజుని పెంచి నాటు పెట్టల మీద వదిలాను. మొదటి తరం పిల్లలు ముచ్చటగా వచ్చాయి. 12 వారాలకి దాదాపు అన్నీ కిలోన్నర దగ్గర తూగాయి. కాళ్ళు గట్టివి, ఛాతీ నిండుగా ఉంది, రోజంతా చురుగ్గా తిరిగేవి. ప్రతిసారీ బ్రాయిలర్ పుంజు కోసం వెతుక్కోవడం ఎందుకని వాటిలోనే మంచి పుంజునీ పెట్టల్నీ ఉంచి, వాటి గుడ్లు పొదిగించాను. ఇప్పుడు ఆ రెండో తరానికి 12 వారాలు. ఒకటి 1.7 కిలోలు తూగితే దాని పక్కనే ఉన్నది 850 గ్రాములు. ఒకటి నాలుగడుగులు వేసి కూలబడుతుంది, ఇంకోటి గోడెక్కి కూర్చుంటుంది. దాణా అదే, షెడ్ అదే, టీకాలు అవే. ఎందుకిలా?

తూకం_కాటా
దాణాలో ఏమీ లేదు, షెడ్‌లోనూ లేదు. రెండో తరం అంటేనే ఇలా ఉంటుంది. క్రాస్‌ని క్రాస్‌తో కలిపితే ఎవరికైనా ఇలాంటి గుంపే వస్తుంది. వీటిని కోసుకుని తినేయండి, గుడ్లు మాత్రం మళ్ళీ పొదిగించకండి.

రాత్రి_కాపలా
850 గ్రాముల దాన్ని ఇప్పుడే కోయకండి, ఇంకో నెలన్నర తిరగనివ్వండి. గోడెక్కే రకానికి రుచి ఉంటుంది. పట్టుకోగలిగితే.

జన్యు_పిచ్చి
ముందు ఒకటి గుర్తు పెట్టుకోవాలి, బ్రాయిలర్ ఒక జాతి కాదు. వేర్వేరు లైన్లని (అంటే తరతరాలుగా విడిగా ఏరి పెంచిన గుంపుల్ని), చాలావరకు నాలుగింటిని, కలుపుతూ వచ్చి తీసిన చివరి సంకరం. తండ్రి వైపు ఎక్కువగా కార్నిష్ జాతి, తల్లి వైపు వైట్ ప్లిమత్ రాక్ జాతి. ఆ లైన్లని కంపెనీలు విడివిడిగా కాపాడుకుంటాయి. మన చేతికి వచ్చేది తినడానికి తీసిన పిల్ల మాత్రమే.

మీ మొదటి తరంలో ప్రతి పిల్లకీ సగం బ్రాయిలర్ నుంచి, సగం నాటు పెట్ట నుంచి వచ్చింది. అందుకే అన్నీ ఇంచుమించు ఒకేలా పెరిగాయి. వాటిని మళ్ళీ వాటితోనే కలిపితే పేకముక్కలు కలిపి కొత్తగా పంచినట్టే. ఒక పిల్లకి పెరుగుదల జన్యువులు రెండు వైపుల నుంచీ పడతాయి, ఇంకోదానికి ఏ వైపు నుంచీ పడవు, మిగతావన్నీ మధ్యలో ఎక్కడెక్కడో ఉంటాయి.

ఇంకో మాట. ఒకటీ రెండూ పట్టుకుని చూడకుండా మొత్తం గుంపు సగటు తీయండి. నా అంచనా, సగటు అంతగా పడిపోయి ఉండదు. బరువు విషయంలో పిల్ల ఎక్కువగా తల్లిదండ్రుల సగటు దగ్గరే ఉంటుంది. సంకరం వల్ల అదనంగా కలిసొచ్చేది కొద్దిగానే, ఆ కొద్దిలో సగం రెండో తరంలో పోతుంది. సంకర బలం అసలు పని చేసేది గుడ్డు పొదగడంలో, పిల్ల బతకడంలో, రోగాన్ని తట్టుకోవడంలో, పెట్ట పెట్టే గుడ్ల సంఖ్యలో. కాబట్టి ఈ తరంలో చావులు పెరిగాయా, గుడ్లు ఎక్కువ చెడ్డాయా అన్నది చూడండి. తూకం కన్నా ముందు చూడాల్సిన లెక్క అది.

పెరటి_గంప
@జన్యు_పిచ్చి ఇప్పుడే అన్నిటినీ తూచాను. సగటు 1.3 కిలోలు వచ్చింది. నేను భయపడినంత తక్కువ కాదు. కానీ చావులు ఎక్కువే, అదీ మొదటి మూడు నాలుగు వారాల్లోనే. పొదిగించిన గుడ్లలో పిల్ల కానివి కూడా పోయిన తరం కన్నా ఎక్కువ. అంటే మీరు చెప్పినట్టే జరిగింది.

లక్ష్మి_గూడు
మా ఇంట్లో పద్ధతి ఇది. నాటు పెట్టల గుంపు ఒకటి వేరేగా ఉంటుంది, వాటికి నాటు పుంజే. గుంపు నిలబెట్టుకోవడానికి కావాల్సిన పిల్లలు అక్కడి నుంచే. వాటిలో కొన్ని పెట్టల్ని తీసి ఇంకో దొడ్లో బరువు పుంజుతో ఉంచుతాను. అక్కడ పుట్టిన పిల్లలన్నీ కోతకే. ఎంత అందంగా ఉన్నా, ఎంత ముద్దొచ్చినా వాటిలో ఒక్కదాన్నీ గుడ్లకి ఉంచను. ఇలా చేస్తే ప్రతిసారీ మొదటి తరమే తింటాం. రెండు దొడ్లు ఉంటే చాలు, లెక్కలు ఏమీ అక్కర్లేదు.

తూకం_కాటా
అక్క చెప్పిందే సరైన దారి. ఈ చర్చ ఇక్కడితో ముగించవచ్చు.

మబ్బు_డేగ
ముగించడానికి వీల్లేదు, నేను ఒప్పుకోను. ప్రతిసారీ పుంజు కోసం ఎవరి మీదో ఆధారపడటం సొంత పెంపకం ఎలా అవుతుంది? నేను నాటు, రోడ్ ఐలాండ్ రెడ్, కార్నిష్ మూడూ కలిపేశాను. మొదటి రెండు తరాలు పెరటి_గంప గారి గుంపులానే కలగాపులగంగా వచ్చాయి. ప్రతి తరంలో బాగా ఎదిగినవాటినే ఉంచుకుంటూ వచ్చాను. ఇప్పుడు నా దొడ్లో తేడాలు బాగా తగ్గాయి. రంగులు ఇంకా రకరకాలే, కానీ ఒళ్ళు ఒకేలా ఉంది, పెట్టలు వాటంతట అవే పొదుగుతాయి, బయటి నుంచి పుంజు తేవాల్సిన పని లేదు. ఈ రెండో తరాన్ని తినేయమని చెప్పడం తొందరపాటు. అందులో 1.7 కిలోల పుంజు ఉంది కదా, అది పనికొచ్చే సరుకు.

తూకం_కాటా
ఆ 1.7 కిలోలది కాళ్ళ మీద నిలబడే పిల్లో కూలబడే పిల్లో అడిగావా?

పెరటి_గంప
అదే కూలబడేది 😔

మబ్బు_డేగ
అయితే దాన్ని వదిలేయండి. దాని తర్వాతివి చూడండి. బరువొక్కటే పట్టుకుంటే కాళ్ళు పోతాయి, నేను మొదట చూసేది నడకే. పొద్దున గూడు తలుపు తీయగానే ఏది ముందు పరిగెత్తుకొస్తుందో, ఏది గూట్లోనే కూర్చుని మేత కోసం చూస్తుందో గమనించండి. రెండో రకాన్ని ఎంత బరువున్నా ఉంచకూడదు.

జన్యు_పిచ్చి
@మబ్బు_డేగ చేసింది తప్పేమీ కాదు. బరువు జన్యుపరంగా బాగానే దిగే గుణం. స్థూలంగా మూడో వంతు అనుకోండి. అంటే గుంపు సగటు కన్నా 300 గ్రాములు ఎక్కువ తూగిన పుంజునీ పెట్టల్నీ ఏరుకుంటే, వాటి పిల్లలు సగటున 100 గ్రాముల దాకా ముందుంటాయి. తరానికి 100 గ్రాములంటే చిన్న విషయం కాదు.

కానీ దీనికి రెండు షరతులు. అన్నిటినీ ఒకే వయసులో తూచాలి. 8 వారాలనుకుంటే 8 వారాలే, ఒకదాన్ని 8 దగ్గర, ఇంకోదాన్ని 10 దగ్గర తూచి పోల్చడం కుదరదు. పుంజుల్ని పుంజులతో, పెట్టల్ని పెట్టలతో పోల్చాలి. రెండోది, ఏరడానికి తగినన్ని పిల్లలు ఉండాలి. పదిహేను పిల్లల్లో రెండు పుంజులు ఏరితే అది ఏరడం కాదు, ఉన్నదాంతో సరిపెట్టుకోవడం.

లక్ష్మి_గూడు
అన్ని పిల్లలకి మేత పెట్టడం మాటలు కాదు. పెరట్లో పెంచుకునేవాళ్ళకి నా పద్ధతే సులువు.

కొత్తిమీర_మడి
బరువు కాటా లేనివాళ్ళం ఏం చేయాలి? చేత్తో చూసి తెలుసుకునే దారి ఏదైనా ఉందా?

మబ్బు_డేగ
ఉంది. పిల్లని ఎడమ చేతి మీద బోర్లా కూర్చోబెట్టుకోండి, కాళ్ళు మీ వేళ్ళ సందుల్లో ఉండాలి. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కింద నుంచి ఛాతీ ఎముకకి అటూ ఇటూ పెట్టి మెల్లగా ముందుకీ వెనక్కీ జరపండి. ఎముక అంచు వేలికి పదునుగా తగిలి, రెండు పక్కలా కండ లోపలికి జారిపోయి ఉంటే అది ఎముకల గూడే. కండ ఎముక అంచుతో సమానంగా లేచి, వేళ్ళు దూరంగా విచ్చుకుంటే మాంసం పట్టే పిల్ల. ఎముక తిన్నగా ఉందో వంకర పోయిందో కూడా అప్పుడే తెలుస్తుంది. వంకరదాన్ని గుడ్లకి ఉంచకండి. పది పిల్లల్ని ఇలా చూస్తే చేతికి అలవాటైపోతుంది.

తూకం_కాటా
చేయి సరే గానీ కాటా కొనుక్కోండి. చేతికి నచ్చిన పుంజు ఎప్పుడూ బరువుగానే అనిపిస్తుంది.

పచ్చికబయలు
నేను వేరే విషయం అడుగుతాను. అందరూ బ్రాయిలర్ పుంజు గురించి మాట్లాడుతున్నారు, అసలు దాన్ని గుడ్ల వయసు దాకా బతికించడం ఎలా? నా దగ్గర ఉంచిన ప్రతి బ్రాయిలరూ మూడో నెల దాటకముందే పోయింది. ఒకటి పొద్దున్నే వెల్లకిలా పడి ఉంది, ఒకటి పొట్ట నీరు పట్టి పోయింది.

పశువైద్యం_చదువు
దానికి కారణం మేత. బ్రాయిలర్‌ని కడుపునిండా తినేలా తయారు చేశారు, ఆపుకోవడం దానికి రాదు. ఒళ్ళు పెరిగినంత వేగంగా గుండె, ఊపిరితిత్తులు పెరగవు. గుండె మీద భారం పడి పొట్టలో నీరు చేరుతుంది, లేదా ఉన్నట్టుండి ఆగిపోతుంది. మిగిలినవాటికి కాళ్ళు పోతాయి. కంపెనీల్లో వీటి తల్లిదండ్రుల లైన్లకి కూడా చిన్నప్పటి నుంచి కొలిచి పెడతారు, ఇష్టం వచ్చినంత తిననివ్వరు. అలా పెంచితేనే పెట్టలు 24, 25 వారాల దగ్గర గుడ్లకి వస్తాయి.

ఇంట్లో ఉంచుకోవాలంటే రెండు మూడు వారాల వయసు నుంచే కొలత మేత మొదలుపెట్టాలి, తిరగడానికి చోటు ఇవ్వాలి, ప్రతి వారం తూచి ఒక్కసారిగా పెరగకుండా చూసుకోవాలి. ఆకలితో అరుస్తాయి. ఆ అరుపు తట్టుకోలేనివాళ్ళు ఈ పనికి దిగకపోవడమే మంచిది. నిజం చెప్పాలంటే నాకు ఆ పద్ధతి నచ్చదు. జీవితమంతా ఆకలిగా ఉండే కోడిని పెంచడం కన్నా నిదానంగా పెరిగే బరువు జాతి పుంజుని వాడుకోవచ్చు.

పెరటి_గంప
నా పుంజుకి మొదటి నుంచీ తిరుగుడు మేతే. దొడ్లో ఏరుకుని తినేది, సాయంత్రం ఒక గుప్పెడు. అందుకే బతికిందేమో. కానీ పెట్టలు చిన్నవి, వీపు మీద ఈకలన్నీ ఊడిపోయాయి, ఒకదానికి పక్కన గోరు గీరి చీరుకుపోయింది.

లక్ష్మి_గూడు
అది చాలా మంది చెప్పని విషయం. నాలుగు కిలోల పుంజుని కిలోంబావు పెట్ట మీద వదిలితే పెట్ట నలిగిపోతుంది. పుంజు గోళ్ళూ కాటా (కాలి వెనక ఉండే ముల్లు) మొనా కత్తిరించి రుద్దాలి. వీపుకి గుడ్డ జీను కట్టేవాళ్ళూ ఉన్నారు. అన్నిటికన్నా మేలు, పెట్టల్లో పెద్దవాటినే ఏరి ఆ దొడ్లో వేయడం. పుంజుకి ఎనిమిది పది పెట్టలు ఉంటే ఒక్కదాని మీదే భారం పడదు.

రాత్రి_కాపలా
పైన తూకం_కాటా అని ఒకాయన ఉన్నారు, ఇక్కడ పుంజు కాటా అంటున్నారు. ఒక్క క్షణం ఆయన్నే కత్తిరించమంటున్నారనుకున్నాను 😂

తూకం_కాటా
😂 నన్ను వదిలేయండి, పెట్టల సంగతి చూడండి.

జొన్నకంకి
పుంజు బరువుది, పెట్ట చిన్నది అంటున్నారు. తిరగేసి బ్రాయిలర్ పెట్టని పెట్టి నాటు పుంజుని వదిలితే? అసీల్ (పోరుకోడి జాతి) పుంజు, బరువు పెట్ట. నలగడం ఉండదు కదా.

జన్యు_పిచ్చి
పిల్లల జన్యువుల లెక్కలో పెద్ద తేడా ఉండదు, కానీ గుడ్ల లెక్క మారిపోతుంది. పిల్లలు ఎన్ని వస్తాయన్నది తల్లి గుడ్ల మీదే ఆధారపడుతుంది. అందుకే గుడ్లు బాగా పెట్టేది తల్లి వైపు, కండ ఉన్నది తండ్రి వైపు అన్నది మామూలు నియమం. ఒక పుంజు పది పెట్టలకి సరిపోతుంది కాబట్టి బరువైన, ఎక్కువ తినే పక్షిని ఒక్కదాన్నే పోషిస్తే చాలు.

అయితే మీ పద్ధతికి ఒక లాభం ఉంది. పుట్టినప్పటి పిల్ల బరువు గుడ్డు బరువులో మూడింట రెండు వంతులు ఉంటుంది. 40 గ్రాముల నాటు గుడ్డు నుంచి 27 గ్రాముల పిల్ల వస్తే, 60 గ్రాముల గుడ్డు నుంచి 40 గ్రాముల పిల్ల వస్తుంది. మొదటి వారాల్లో ఆ తేడా కనబడుతుంది.

జొన్నకంకి
అయితే తల్లి మధ్యస్థంగా ఉండాలన్నమాట. గుడ్లూ పెట్టాలి, గుడ్డూ పెద్దదవ్వాలి.

జన్యు_పిచ్చి
అదే. రోడ్ ఐలాండ్ రెడ్, న్యూ హాంప్‌షైర్, ప్లిమత్ రాక్, ససెక్స్ లాంటి రెండు పనులకీ వచ్చే జాతులు తల్లి వైపు బాగుంటాయి. తండ్రి వైపు కార్నిష్, లేదా బాగా కండ ఉన్న అసీల్.

ఎర్ర_జుట్టు
అసీల్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. బ్రాయిలర్ ఛాతీకి మూలం అసీలే. 19వ శతాబ్దంలో ఇంగ్లాండ్‌లోని కార్న్‌వాల్‌లో అసీల్, మలయ్, అక్కడి పాత పోరుకోళ్ళని కలిపి కార్నిష్ జాతిని తీశారు. దాన్ని చాలా కాలం ఇండియన్ గేమ్ అనే పిలిచారు. అమెరికాలో ‘రేపటి కోడి’ పేరుతో మాంసపు కోడి పోటీ పెట్టి, 1948లో చివరి దశ జరిపితే, అందులో గెలిచింది చార్లెస్ వాంట్రెస్ తీసిన కార్నిష్, న్యూ హాంప్‌షైర్ సంకరం. అంటే పైన జన్యు_పిచ్చి చెప్పిన జతే. ఆ పోటీ తర్వాతే మాంసానికి సంకర కోడి అన్నది పెద్ద ఎత్తున స్థిరపడింది. మనం పెరట్లో అదే పని చిన్నగా చేస్తున్నాం.

పచ్చికబయలు
అసీల్ పిల్లల్ని కలిపి పెంచిన వాళ్ళెవరైనా ఉన్నారా? ఒకదాన్నొకటి బతకనిస్తాయా?

ఎర్ర_జుట్టు
రక్తంలో సగం అసీల్ ఉన్నా మూడో నెల నుంచి పుంజులు గొడవపడతాయి. పెట్టలు కూడా తక్కువ కాదు. మేత తొట్లు రెండు మూడు చోట్ల పెట్టాలి, చోటు ఎక్కువ ఇవ్వాలి, పుంజుల్ని వేరు చేయాలి. నెమ్మదిగా పెరుగుతాయి, గుడ్లు తక్కువ. కానీ కండ గట్టిగా, ఎముకకి అతుక్కుని వస్తుంది. నాకు ఆ మాంసమే ఇష్టం కాబట్టి ఈ కష్టం పడతాను.

ఎండమావి
మాది బాగా వేడి ఉండే చోటు. ఎండాకాలం వచ్చేసరికి బరువు కోళ్ళు నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి, తిండి మానేస్తాయి. దీనికి క్రాస్‌లో మార్గం ఉందా?

జన్యు_పిచ్చి
ఉంది. మెడ మీద ఈకలు లేని నేకెడ్ నెక్ కోళ్ళు. ఆ గుణం ఒకే ఒక్క జన్యువు వల్ల వస్తుంది, అది ఒక పక్క నుంచి వచ్చినా పని చేస్తుంది. ఒక కాపీ ఉన్న కోడికి మామూలు కన్నా ఐదో వంతు దాకా ఈకలు తక్కువ, రెండు కాపీలుంటే 40 శాతం దాకా తక్కువ. ఒంటి వేడి సులువుగా బయటికి పోతుంది, అందుకే వేడిలో కూడా తిని పెరుగుతాయి. ఈకలకి పోయే ప్రోటీన్ కూడా మిగులుతుంది, పీకడానికీ తక్కువే. ఆ పుంజుని మీ పెట్టల మీద వదిలితే పిల్లల్లో కనీసం సగం ఆ మెడతో వస్తాయి. పుంజుకి రెండు కాపీలుంటే అన్నీ అలానే వస్తాయి.

కొత్తిమీర_మడి
చూడటానికి మాత్రం పాపం అనిపిస్తాయి. మా పాప వాటికి మెడకి గుడ్డ చుట్టాలంది.

నల్లకోడి_నేస్తం
నాదీ ఒక ప్రశ్న. కడక్‌నాథ్ (ఒళ్ళంతా నల్లగా ఉండే జాతి) పుంజుని మామూలు పెట్టల మీద వదిలాను. పిల్లల్లో పెట్టలన్నీ నల్లగా వచ్చాయి, చర్మం, నాలుక అన్నీ. పుంజులు మాత్రం బూడిద రంగు చర్మంతో వచ్చాయి. పుంజు శుద్ధమైనది కాదని కొందరంటున్నారు. నిజమేనా?

జన్యు_పిచ్చి
మీ పుంజుని అనుమానించకండి. ఇది చక్కగా వివరించగలిగే విషయం. ఒంటి లోపలి దాకా నలుపు తెచ్చే జన్యువు ఒకటి, అది ఒక కాపీ ఉన్నా పని చేస్తుంది. ఆ నలుపుని అణిచేసే జన్యువు ఇంకోటి, అది లింగ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మామూలు తెల్లకాళ్ళ, పసుపుకాళ్ళ పెట్టలకి ఆ అణిచేది ఉంటుంది. ఆ క్రోమోజోమ్ పేరు జెడ్. కోళ్ళలో పెట్టకి ఉన్న ఒక్క జెడ్ క్రోమోజోమ్ కొడుక్కి పోతుంది, కూతురికి పోదు. కూతురు తన జెడ్‌ని తండ్రి నుంచే తీసుకుంటుంది. కాబట్టి అణిచే జన్యువు పుంజు పిల్లలకే చేరింది, వాటి నలుపు వెలిసిపోయింది. పెట్ట పిల్లలకి చేరలేదు, అవి నల్లగా వచ్చాయి.

నల్లకోడి_నేస్తం
ఇంత వివరంగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు. పుంజుని మార్చేద్దామనుకున్నాను, మార్చను.

జొన్నకంకి
ఇలానే పుట్టిన రోజే పుంజో పెట్టో తెలిసే క్రాస్ ఉందట కదా? పుంజులు మాంసానికి త్వరగా ఎదుగుతాయి, వేరు చేసి పెంచుకోవచ్చు.

తూకం_కాటా
ఉంది, నేను చేస్తున్నాను. బూడిద చారల ప్లిమత్ రాక్ పెట్టల మీద రోడ్ ఐలాండ్ రెడ్ పుంజుని వదలండి. పిల్లలు నల్లగా పుడతాయి. తల మీద తెల్ల మచ్చ ఉంటే పుంజు, లేకపోతే పెట్ట. తిరగేసి చారల పుంజుని వాడితే ఇది పని చేయదు, అన్నిటికీ మచ్చ వస్తుంది. ఇదీ మొదటి తరంలోనే.

మబ్బు_డేగ
మళ్ళీ మొదటి తరం 🙂

తూకం_కాటా
మొదటి తరమే తమ్ముడూ, ఇంకో వందసార్లు చెప్పమన్నా చెబుతాను 🙂

పశువైద్యం_చదువు
మబ్బు_డేగ గారిని ఒకటి అడగాలి. బయటి నుంచి పుంజు తేకుండా ఎన్ని తరాలు నడుపుతారు? అన్నాచెల్లెళ్ళు కలిస్తే ఒక్క తరంలోనే అంతఃప్రజననం (దగ్గరి రక్తం కలవడం) 25 శాతానికి చేరుతుంది. సవతి తోబుట్టువులైతే 12.5. మొదట తగ్గేది పొదిగే శాతమే, తర్వాత పిల్లల ప్రాణం. పెరటి_గంప గారు ఉంచిన మొదటి తరం పుంజూ పెట్టలూ ఒకే తండ్రి పిల్లలు కదా. చావులు పెరగడంలో దాని వాటా కూడా ఉంటుంది.

పెరటి_గంప
అవును, ఒకే పుంజు పిల్లలు. ఆ కోణంలో ఆలోచించలేదు.

మబ్బు_డేగ
మంచి ప్రశ్న. గుంపుని మూడు దొడ్లుగా విడదీశాను. పెట్ట పిల్లలు పుట్టిన దొడ్లోనే ఉంటాయి, పుంజులే కదులుతాయి. ఒకటో దొడ్డి పుంజు రెండుకి, రెండోది మూడుకి, మూడోది ఒకటికి. ప్రతి తరం ఇదే వరుస. పిల్లల కాలికి దొడ్డికో రంగు రింగు వేస్తాను, లేకపోతే గందరగోళమే. ఇలా చేస్తే దగ్గరి రక్తం కలవడం చాలా తరాలు వెనక్కి పోతుంది. శాశ్వతంగా ఆగదు, ఎప్పుడో ఒకప్పుడు కొత్త పుంజు కావాలి, అది ఒప్పుకుంటాను.

లక్ష్మి_గూడు
పుంజుని మార్చేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. పాత పుంజుని తీసేసిన మర్నాడే పెట్టిన గుడ్లు కొత్త పుంజువి కావు. పెట్ట ఒంట్లో పాత పుంజు బీజం రెండు వారాలు, కొన్నిట్లో మూడు వారాలు కూడా నిలుస్తుంది. మూడు వారాల గుడ్లు తినేసి, ఆ తర్వాతివే పొదిగించండి. అప్పుడే తండ్రి ఎవరో ఖాయంగా చెప్పగలం.

కొత్తిమీర_మడి
చావులు మొదటి మూడు నాలుగు వారాల్లో అన్నారు కదా పెరటి_గంప గారు, అది రక్తం కలవడమేనా? నాకు మాత్రం బ్రూడర్ (పిల్లల్ని వెచ్చగా ఉంచే చోటు) మీద అనుమానం. మాకు మూడో వారంలో రెట్టలో రక్తం కనబడి వరసగా పోయాయి.

పశువైద్యం_చదువు
అదీ నిజమే. మూడు నుంచి ఆరు వారాల మధ్య రెట్టలో రక్తం కనబడితే మొదట అనుమానించాల్సింది కాక్సిడియోసిస్, పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే రోగం. కింద పరిచిన ఊక తడిసి ముద్దైతే అది బాగా వ్యాపిస్తుంది. నీళ్ళ తొట్టి చుట్టూ తడిని రోజూ తీసేయాలి. మందు ఆంప్రోలియం లాంటిది నీళ్ళలో ఇస్తారు, మోతాదు పశువైద్యుణ్ణి అడిగి వేయండి. కోతకి ముందు ఏ మందు వేసినా దాని గడువు పూర్తయ్యేదాకా ఆగాలి, మనం తినేదే కదా.

వెచ్చదనం మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటర్ కన్నా పిల్లలే సరిగ్గా చెబుతాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, అంచులకి పోయి రెక్కలు వేలాడేస్తే వేడి, అంతటా సర్దుకుని పడుకుంటే సరిపోయింది. కొక్కెర తెగులు (రాణీఖేత్) టీకా మొదటి వారంలో, గంబోరో అనే ఇంకో వైరస్ రోగానికి టీకా రెండో వారం దగ్గర. క్రాస్ కాబట్టి రోగం రాదని టీకా మానేసేవాళ్ళని చూస్తున్నాను, దయచేసి అలా చేయకండి. కొక్కెర వస్తే సంకర బలం ఏమీ కాపాడదు.

పచ్చికబయలు
దాణా సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఇంట్లో గుడ్ల కోళ్ళకి తెచ్చిన లేయర్ దాణానే పిల్లలకీ పెడుతున్నాను.

తూకం_కాటా
ఆపేయండి, ఈ రోజే. లేయర్ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది, పిల్లకి కావాల్సింది ఒక శాతం. అంత కాల్షియం పిల్లల మూత్రపిండాల్ని పాడుచేస్తుంది. మొదటి నాలుగు వారాలు 20 శాతానికి తగ్గకుండా ప్రోటీన్ ఉన్న స్టార్టర్ పెట్టండి. ఆ తర్వాత 18 దాకా తగ్గించవచ్చు. చిన్నప్పుడు నూకలూ తవుడుతో సరిపెట్టి, మూడో నెలలో బాగా పెడితే పిల్ల కోలుకోదు, కండకి బదులు కొవ్వు పడుతుంది.

లెక్క కూడా ముందే తెలిసి ఉండాలి. బ్రాయిలర్ కిలో బరువు పెరగడానికి కిలోన్నర పైన, రెండు కిలోల లోపు దాణా తింటుంది. మన క్రాస్‌లు మూడు కిలోల దాకా, ఆలస్యం చేస్తే అంతకన్నా ఎక్కువ తింటాయి. కాబట్టి పెరుగుదల నెమ్మదించిన వారమే కోయాలి. ప్రతి వారం తూచేది అందుకే.

రాత్రి_కాపలా
వయసు పెరిగితే రుచి పెరుగుతుంది కదా అన్నా, ఆ లెక్కా చూడాలి.

ఎర్ర_జుట్టు
రుచి పెరుగుతుంది, గట్టితనమూ పెరుగుతుంది. వయసుతో పాటు కండ చుట్టూ ఉండే కొల్లాజెన్ గట్టిపడుతుంది, నెమ్మది సెగ మీద చాలాసేపు ఉడికితేనే కరుగుతుంది. నేను అసీల్ క్రాస్‌ని అయిదో నెల దాకా ఉంచుతాను. త్వరగా ఉడకాలనుకునేవాళ్ళు 12, 14 వారాల దగ్గరే కోసుకోవాలి.

కోసేముందు పూట మేత ఆపి నీళ్ళు మాత్రం ఇవ్వండి, పేగులు ఖాళీ అయి శుభ్రం చేయడం తేలికవుతుంది. ఈకలకి నీళ్ళు 60, 65 డిగ్రీల మధ్య చాలు. మరిగే నీళ్ళలో ముంచితే తోలు ఈకతో పాటు ఊడొస్తుంది. కోసిన వెంటనే బిగుసుకుపోయిన స్థితిలో వండితే ఎంత లేత కోడైనా గట్టిగానే ఉంటుంది. చల్లగా ఒక రాత్రి ఉంచి వండి చూడండి.

పెరటి_గంప
అందరి మాటలూ విన్నాక ఇలా అనుకుంటున్నాను. కూలబడేవి, బాగా చిన్నవి కోతకి. కాళ్ళు గట్టిగా ఉండి 1.4 దాటిన పెట్టల్ని ఉంచుతాను, పుంజుల్ని ఒక్కదాన్నీ ఉంచను. వాటి మీదకి రక్త సంబంధం లేని కార్నిష్ పుంజుని తెస్తాను, ఆ పిల్లలన్నీ తినడానికే. నాటు గుంపుని లక్ష్మి_గూడు అక్క చెప్పినట్టు వేరే దొడ్లో నాటు పుంజుతో నిలబెట్టుకుంటాను. ఇందులో లోపం ఏమైనా కనబడుతుందా?

జన్యు_పిచ్చి
బాగుంది. ఒక్కటే. మీరు ఉంచే ఆ పెట్టలు రెండో తరంవి, వాటిలో వాటికే తేడాలు ఉంటాయి. కాబట్టి పిల్లలు మీ మొదటి తరమంత ఒకేలా రావు, కానీ ఇప్పటి గుంపు కన్నా చాలా నయం. కార్నిష్‌కి ఛాతీ వెడల్పు, కాళ్ళు దూరం, అందుకే పెట్టని ఎక్కడం కొంచెం కష్టం. నిండా మేపి లావు చేయకండి. పుంజుకి పది పెట్టలు కాకుండా ఆరేడుతో మొదలుపెట్టి, ఏడో రోజున గుడ్లని వెలుతురులో చూసి ఎన్నిట్లో పిల్ల పడిందో లెక్కపెట్టండి. బాగుంటే పెట్టల్ని పెంచుకోవచ్చు.

మబ్బు_డేగ
ఆ పిల్లల్లో మంచి పుంజు వస్తే కోయకముందు నాకు ఫొటో పెట్టండి.

తూకం_కాటా
పెట్టకండి, కోసేయండి 🙂 12 వారాల తూకాలు మాత్రం ఇక్కడ రాయండి, పుంజులవి వేరు, పెట్టలవి వేరు.